చైత్రంలో రోడ్డు మాది

"బండకేసి బాదకు. అక్షరాలు ఊడిపోతాయి. ఎల్లుండి ఇనస్పెక్షనుకి పెద్దాయనొచ్చి సూసేది ఆ అక్షరాలనే."

బనియన్ల మూట నా చంకన పెడుతూ మా ఆయన అన్న మాట ఇది. మూట పట్టుకుని కొండవాగు పారే గెడ్డ దారి పట్టాను. అన్నీ పచ్చ బనియన్లు. ఒక్కోదాని వీపు మీద తెల్లగా 'మా దారి మంచి దారి' అని అచ్చేసి ఉంటుంది. వేరే బట్టలయితే బండ మీద నాలుగు బాది, జాడించి, ముళ్లకంప మీద పారేస్తాను. ఈ మంచి దారిని మాత్రం అరచేతిలో పెట్టుకుని, పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు రుద్దాలి. కుర్రాళ్ల చెమట, సంతలో తిన్న పకోడీ నూనె, ఎర్రమట్టి అన్నీ పోవాలి, అక్షరాలు మాత్రం ఉండాలి. అలా ఎలా పోతాయని అడిగితే, "ఉతకడం కూడా నానే నేర్పాలా?" అంటాడు.

మా కొండల్లో కుర్రాళ్లు గంజాయి మూటలు మోసే ముఠాల్లో కలిసిపోతున్నారని గవర్నమెంటు పెట్టిన కేంద్రం ఇది. ముంచింగిపుట్టు రోడ్డు మీద మా ఊరి మలుపులో ఒక రేకుల షెడ్డు, దాని ముందు వాలీబాల్ నెట్టు, లోపల క్యారమ్ బల్ల. డ్రైవింగ్ నేర్పిస్తామని గోడ మీద జీపు బొమ్మ వేశారు. బొమ్మ వచ్చింది గానీ జీపు రాలేదు. మా ఆయన రవిబాబు దానికి కోఆర్డినేటరు. మా ఊళ్లో ఇంటరు గట్టెక్కినవాడు ఆయనొక్కడే కాబట్టి ఆ కుర్చీ ఆయనకొచ్చింది. కుర్చీతో పాటు వచ్చిన పనంతా నాకొచ్చింది. ఆటకొచ్చిన కుర్రాళ్లకి వండేది నేను, షెడ్డు ఊడ్చేది నేను, చలిజ్వరం వస్తే కషాయం కాచేది నేను, కొట్టుకుని అలిగి పోయినవాడి ఇంటికెళ్లి బతిమాలి తెచ్చేది నేను. వంటకి మనిషిని పెట్టమని స్కీములో రాశారు కదా అని ఒకసారి అడిగాను. "ఇంట్లో పొయ్యి ఎలాగూ వెలుగుతాది గదా. ఇంకో గ్లాసు బియ్యమెక్కువేత్తే సరి" అన్నాడు. నడుం పట్టేసిందని ఒకనాడు కూర్చుంటే మా అత్త సోములమ్మ, "మొగుడికి కుర్చీ వొచ్చీసరికి పెళ్లానికి నడుం నొప్పి వొచ్చినాది" అని అరుగు మీద నుంచి అందరికీ వినిపించేలా అంది. కుర్చీ వచ్చాక ఇంకో ముచ్చట కూడా పుట్టింది. పదిమంది ముందూ తనని 'మీరు' అనాలట. మా కొండ మీద మొగుడినీ 'నువ్వే' అంటాం, కొండదేవతనీ 'నువ్వే' అంటాం. దేవతకి రాని కోపం ఈయనకొచ్చింది.

ఇలా తిట్టుకుంటూనే ఒక్కోటీ ఉతుకుతున్నాను. ఏడో నంబరు బనియను మా మరిది ఫల్గుణది. భుజం దగ్గర సబ్బు జారలేదు, ఏదో జిగురు అడ్డుపడింది. గీరి వేలు వాసన చూసుకున్నాను. చూసి బండ మీద అలాగే కూర్చుండిపోయాను.

ఆ వాసన నాకు తెలుసు. గంజాయి మూట చెమట భుజానికి ఒరుసుకుంటే పట్టే జిగురు అది. మా వీధిలో కనక ఇంట్లో ఇదే వాసనేసే చొక్కా ఒకటి దూలానికి వేలాడుతుంటుంది. ఆమె కొడుకు మంగ్లుది. రెండేళ్లుగా దాన్ని కనక ఉతకలేదు, ఎవరినీ ఉతకనివ్వదు. మంగ్లు చనిపోలేదు, మహారాష్ట్రలో ఎక్కడో జైల్లో ఉన్నాడు. కనక ఒక్కసారి వెళ్లి చూసొచ్చింది. భాష రాక ఏ బస్సు ఎక్కాలో తెలియక, స్టేషన్లో ఏడుస్తూ తిరిగి తిరిగి చేరితే, ఇనుప జల్లెడ అవతల నుంచి కొడుకు అడిగింది ఒకటే: "అమ్మా, గంటి అంబలి తెచ్చావేటి?"

ఫల్గుణని నేను కనలేదు గానీ పెంచింది నేనే. నేను కాపరానికి వచ్చేనాటికి వాడికి పాలపళ్లు ఊడుతున్నాయి. మామ లేడు, అత్త కాఫీ తోటల్లో కూలికి పోయేది. తట్టు పోసినప్పుడు వాణ్ణి వీపున కట్టుకునే పోడుచేను తవ్వాను. ఇప్పుడు నెట్టు దగ్గర ఎగిరి బంతి కొడితే రోడ్డు మీద పోయే లారీలు కూడా ఆగి చూస్తాయి. అలాంటి వాడి భుజానికి జిగురు.

తడి మూట తెచ్చి షెడ్డు దగ్గర దించాను. మా ఆయన దారి పక్క రాళ్లకి సున్నం పూస్తున్నాడు.

"ఫల్గుణ మూటలు మోత్తన్నాడు" అన్నాను.

ఆయన ముందు నా ముఖం చూడలేదు. ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. "ఎవులు సెప్పారు?"

"బనియను సెప్పినాది."

"నోరు ముయ్యి. ఇనస్పెక్షనయ్యీదాకా ఈ మాట నీ నోటంట రాకూడదు. సెంటరు గుంటడే మూట మోసాడని తెలిత్తే ఫండు ఆపేత్తారు. ఫండాగితే మిగిలిన గుంటలు ఏటైపోవాలి? ఒక్కడి కోసం అందర్నీ ముంచుతావేటి?"

వినడానికి ఎంత బాగుందో ఆ మాట. అందరి కోసం ఒక్కణ్ణి వదిలేయడమట. మళ్లీ ఆ ఒక్కడు సొంత తమ్ముడు. నేను నిలబడి చూస్తున్నాను, ఆయన రాయికి రెండో పూత వేస్తున్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు. ఆ కుర్చీ ఎక్కాక భయం పట్టుకుంది, అంతే. భయం పట్టిన మగవాడు ముందు పెళ్లాం నోరు మూస్తాడు, ఎందుకంటే చెయ్యి అందేది దానికొక్కదానికే.

అసలు చేయకూడని తప్పు అంతకు ముందే చేసేశారు. డబ్బు మార్చి ఆఖర్లో వచ్చింది. వచ్చింది వచ్చినట్టు చైత్రంలో ఆటల శిబిరం అన్నారు, దానికే ఇనస్పెక్షనన్నారు. చైత్రంలో మాకు ఇటుకల పండగ. విత్తనాలకి పూజ చేసి, మగాళ్లందరూ రోజూ వేటకి కొండెక్కుతారు. కాలు నిలబడే మగపిల్లాడు ఒక్కడూ ఊళ్లో ఉండడు. ఎవరు ఎటు పోయారని అడిగే దిక్కు కూడా ఆ రోజుల్లోనే ఉండదు. మూటల వాళ్లకి ఆ సంగతి తెలుసు. మంగ్లు పోయింది కూడా వేట రోజుల్లోనే. ఈ ముక్క నేను అప్పుడే చెప్పాను. "గవర్నమెంటుకి నీ సైత్రం తెల్దు, మార్చి తెలుసు" అన్నాడు. మరి కుర్రాళ్లు వేటకెళ్తే ఈ బనియన్లు ఎవరు తొడుక్కుంటారంటే, పక్కూరి హాస్టలు పిల్లల్ని తెచ్చి తొడిగిస్తాడట. పెద్దాయనకి ఏ పిల్లడైతేనేం, వీపు మీద అక్షరాలుంటే చాలు.

మధ్యాహ్నం ఫల్గుణ అంబలికి వచ్చాడు. కాళ్లకి కొత్త బూట్లు, ఒంటి మీద కొత్త చొక్కా.

"ఎవులిచ్చారు?"

"అప్పలస్వామన్న."

అప్పలస్వామి కింద మైదానం మనిషి. సంతకొచ్చి చింతపండు కొంటాడు, జీపులో దింపుకుపోతాడు. చింతపండు బస్తాల మధ్య ఇంకేం దిగుతాయో ఊరందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటమూ ఊరందరికీ తెలుసు.

"నీ బనియను నానే ఉతికేన్రా" అన్నాను.

గిన్నె దించాడు. తర్వాత గట్టిగా, ఎవరో నేర్పిన మాటల్లా కాకుండా వాడి సొంత మాటల్లో అన్నాడు. "సెంటర్ల ఏటున్నాదొదినా? ఆర్నెల్లు నెట్టు, ఆర్నెల్లు తాళం. బంతికి గాలి నేదంటే ఫండు రాలేదంటాడు అన్నయ్య. అప్పలస్వామన్న ఎప్పుడెల్లినా ఉంటాడు. పేరెట్టి పిలుత్తాడు. బండి తోలడం కూడా నేర్పినాడు. సెంటరోల్లలాగ గోడమీద బొమ్మేసి ఊరుకున్నాడేటి?"

ఎప్పుడెళ్లినా ఉంటాడు! ముఠా వాడు ఉంటాడు, గవర్నమెంటు ఉండదు. నేనూ ఉన్నాను కదరా అందామనుకున్నాను. కానీ నేనున్నది పొయ్యి దగ్గర. పొయ్యి దగ్గర ఉన్న మనిషిని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

"ఎల్లుండి నానూ వేటకెల్తాను. రాడం ఆలీసమవుద్ది" అని లేచాడు. వెళ్తూ గడప దగ్గర నా కాళ్ల వైపు వంగి, ఏదో వెతుకుతున్నట్టు నటించి, పాదం ముట్టుకున్నాడు. వేటకెళ్లే మరిది ఎవడూ వదిన కాళ్లు ముట్టడు.

కట్టేయగలనా? వాడు నాకన్నా మూరెడు పొడుగు. పోలీసులకి చెబితే వాణ్ణే పట్టుకుపోతారు. మొగుడికి చెబితే ఏమైందో చూశారు. రెండు రోజులూ రాగులు విసురుతూ, నీళ్లు మోస్తూ అదే ఆలోచన. మూడో రోజు పొద్దున్న కనక వచ్చి, "ఒలే సోనీ, బేగి రాయే, వెదురు కట్టాల" అని పిలిచేదాకా నాకేమీ తోచలేదు. వెదురు అన్న మాట చెవిన పడ్డాకే తోచింది.

పండగ రోజుల్లో మగాళ్లు కొండ మీద ఉంటే రోడ్డు మా ఆడవాళ్లది. అడ్డంగా వెదురు కట్టి, వచ్చిన బండినల్లా ఆపి, పాట పాడి, పండగ మామూలు అడుగుతాం. ఇచ్చాక వెదురు ఎత్తుతాం. ఆ వెదురుని మగాడు ముట్టకూడదు. ఇంకోటుంది. వేట దొరకక ఖాళీ చేతుల్తో తిరిగొచ్చిన మగాడి మీద పేడనీళ్లు పోసి నోటికొచ్చినట్టు తిడతాం. పేడనీళ్లు పడ్డవాడు పండగ అయ్యేదాకా ఊరు దాటకూడదు. ఎంత పెద్ద వేటగాడైనా సరే, తల దించుకుని ఇంటికి నడవాల్సిందే. ఏడాదంతా మా మీద పడే మాటలకి ఆ నాలుగు రోజులూ మేం తీర్చుకునే బాకీ అది. దాన్ని ఆటగానే ఆడేవాళ్లం. అప్పలస్వామి జీపు కూడా ఏటా అలాగే వచ్చేది. అందరికన్నా పెద్ద నోటు ఇచ్చేవాడు. మేం పకపకా నవ్వుతూ వెదురు ఎత్తేవాళ్లం. మంగ్లుని తీసుకుపోయిన రోజున కూడా ఎత్తాం. వెదురు రెండో కొస పట్టుకున్నది కనకే.

ఎండెక్కాక ముందు కింద నుంచి పెద్దాయన జీపు వచ్చింది. దేవీప్రసాద్ గారట, కళ్లజోడు, నెమ్మదస్తుడు. మేం అడ్డు నిలబడి పాట అందుకుంటే ఆయన నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టాడు. షెడ్డు దగ్గర హాస్టలు పిల్లలకి బనియన్లు సర్దుతున్న మా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"సార్ సార్, ఏమనుకోకండి, మా ఆడోళ్లకి తెలీదు. ఏయ్, తియ్యండే!" అని వెదురు మీద చెయ్యి వేయబోయాడు.

మా అత్త పేడనీళ్ల కుండ పక్కనే కూర్చుని ఉంది. "సెయ్యి తియ్యరా. కుర్సీలో కూకుంటే కట్టుబాటు మర్సిపోతావేటి?" అంది. మా ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడే పై నుంచి అప్పలస్వామి జీపు మలుపు తిరిగింది. వెదురుకి ఆ పక్క అది, ఈ పక్క పెద్దాయన జీపు. వెనక చింతపండు బస్తాల మధ్య తలకి తువ్వాలు చుట్టుకుని ఎవరో వంగి కూర్చున్నారు. తువ్వాలు చుడితే మాత్రం, నేను తిండి పెట్టి పెంచిన వీపు నాకు తెలియదా.

"ఏటి సోనమ్మా, మాకు పాట నేదేటి?" అప్పలస్వామి నోటు బయటికి పెట్టాడు. కళ్లు మాత్రం పెద్దాయన జీపు ముందున్న గవర్నమెంటు బోర్డు మీదున్నాయి.

గంజాయి అని అరిస్తే పెద్దాయన బస్తాలు విప్పిస్తాడు. వాటితో పాటు ఫల్గుణా దొరుకుతాడు, మంగ్లు పక్కన ఇంకో జల్లెడ వెనక్కి పోతాడు. ఊరుకుంటే జీపు కొండ దిగిపోతుంది, వాడూ దాంతోనే పోతాడు. మా ఆయన పెద్దాయన వెనక నిలబడి నా వైపు కళ్లురిమాడు. ఊరుకో, ఊరుకో అని. నేను జీపు వెనక వైపు తిరిగాను.

"పాటకేటి, పాడతాం. ముందు నీ ఎనకాల దాక్కున్న మా వేటగాడు ఏటి కొట్టుకొచ్చాడో సూడనియ్యి" అన్నాను. "ఒరే ఫల్గుణా! కొండకెల్తానని అంబలి తాగి ఎల్లావు. కుందేలేదిరా? అడివిపందేది? పోనీ, తొండైనా దొరకనేదేటి?"

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. కనక నా వైపు చూసింది, జీపు వైపు చూసింది. దానికి అర్థమైపోయింది. వెదురు వదిలి జీపు వెనక్కి నడిచింది. "ఓలమ్మ, జీపెక్కి వేటాడేడే! మెత్తగా బస్తా మీద కూకుని! ఆ టైరు కింద కోడిపిల్లయినా పడనేదేటిరా సచ్చినోడా?" అని నవ్వుతూనే ఉంది, కళ్లలో నీళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి.

ఫల్గుణ తువ్వాలు తీశాడు. ఏం చేయాలో తెలియక అప్పలస్వామి వైపు చూశాడు.

మా అత్త లేచింది. ఆవిడకి నేనేమీ చెప్పలేదు. కానీ ఆవిడా ఆ ఇంట్లోనే ఉంటుంది, ఆవిడ ముక్కూ ముక్కే. కుండ ఎత్తి, జీపు వెనక్కి వెళ్లి, కడుపున పుట్టిన కొడుకు నెత్తిన నిండు కుండ బోర్లించింది. కొత్త చొక్కా, కొత్త బూట్లు, అన్నీ పేడ. "ఖాళీ సేతుల్తో వొచ్చిన మొగోడా! దిగరా! దిగి ఇంటికి నడు!" అని కర్ర విరిగినట్టు అరిచింది.

ఆడు నా మనిషి, పనుందని అప్పలస్వామి ఏదో అనబోయాడు. పెద్దాయన జీపు దిగి కళ్లజోడు తుడుచుకుంటూ వినోదం చూసినట్టు చూస్తున్నాడు. అప్పలస్వామి నోటు లోపలికి తీసుకున్నాడు. "కట్టుబాటు కట్టుబాటేలే అమ్మా. దిగరా" అన్నాడు. ఫల్గుణ దూకాడు. జీపు ముందుకి కదిలితే వెదురు ఎత్తాం. బస్తాలు బస్తాల్లాగే పోయాయి. వాటిని ఆపడానికి జీతాలున్న వాళ్లు కింద చెకుపోస్టులో ఉన్నారు. మా పిల్లాణ్ణి మేం దించుకున్నాం.

"భలే ఆచారం అండీ" అన్నాడు పెద్దాయన మా ఆయనతో. "ఈ కుర్రాడు మీ సెంటరు వాడేనా?"

"కాదు సార్. ఎవరో ఊరి కుర్రోడు. మా సెంటరు వాళ్లు అదిగో, బనియన్లేసుకుని గ్రౌండులో ఉన్నారు. మా దగ్గర ఒక్కడూ దారి తప్పలేదు సార్."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. వాడు దిగాడు, బతికాడు. పెద్దాయన అంతా బాగుందని రాసుకుపోతాడు. పండగ అయ్యాక మళ్లీ షెడ్డుకి తాళం, మళ్లీ అప్పలస్వామి. పేడనీళ్లు నాలుగు రోజులే పనిచేస్తాయి. ఆ తర్వాత మూడు వందల చిల్లర రోజులకి నా దగ్గర ఏ కుండా లేదు.

"అబద్దం బాబూ" అన్నాను. "ఈడు సెంటరు గుంటడే. నా మరిది. ఆ జీపులో పోబోయాడు, దించుకున్నాం. ఆ బనియన్లలో ఉన్నోల్లు హాస్టలు పిల్లలు."

మా ఆయన ముఖం సున్నం పూసిన రాయిలా అయిపోయింది. "ఆవిడకేం తెలీదు సార్. వంట చేస్తుంది, అంతే."

"అవును బాబూ, వంట సేత్తాను. అందుకే ఎవులు తిన్నారో, ఎవులు రానేదో నాకు తెలుస్తాది."

పెద్దాయన నవ్వు ఆపేశాడు. "అయితే స్కీము ఫెయిలైనట్టేనమ్మా. ఫెయిలైన సెంటరుకి మళ్లీ ఫండివ్వమని నేనెలా రాయను?"

"ఆపేత్తారేటి? ఆపండి. అప్పలస్వామి ఫండు మాత్రం ఏ మార్చికీ ఆగదు బాబూ. మీరు ఆర్నెల్లుంటారు, ఆడు ఏడాది పొడుగూతా ఉంటాడు. పన్నెండు నెలలూ తలుపు తీసుంచండి. గోడ మీద జీపు బొమ్మ కాదు, జీపియ్యండి. పండగలో కాదు, పండగయ్యేక పెట్టండి. ఎవుల పిల్లలు ఎటు పోతన్నారో ఈ వెదురు కట్టిన మా ఆడోళ్ల సంఘానికి తెలుసు. మాకియ్యండి, మేం సూసుకుంతాం. కూలి మాత్రం ఇయ్యాల."

ఫల్గుణ జుట్టులోంచి పేడనీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

"సోమవారం ఆఫీసులో మీటింగుంది" అన్నాడు పెద్దాయన. "ఇదే మాట అక్కడ చెప్పగలవా? నేను హామీ ఏమీ ఇవ్వలేను. వింటారని మాత్రం చెప్పగలను."

"వత్తాను" అన్నాను.

ఆయన జీపు వెళ్లింది. సాయంత్రం పిల్లలు విప్పి పారేసిన బనియన్లన్నీ మూటగట్టి తెచ్చి, అలవాటు చొప్పున మా ఆయన నా ముందు పడేశాడు. నేను ఆ మూట ఎత్తి, స్నానం చేసి దూరంగా కూర్చున్న ఫల్గుణ ఒళ్లో పెట్టాను.

"గెడ్డకి పద. నీ సొక్కా, అందరి బనియన్లూ నువ్వే ఉతుకు. బండకేసి బాదు."

"అక్షరాలు ఊడిపోతాయేమో ఒదినా."

"ఊడనీ."

వాడు మూట ఎత్తుకుని పోయాడు. మా అత్త అరుగు మీద నుంచి వాడికి సబ్బు అందించింది. మా ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"సోమారం నువ్వు బస్సెక్కి పోతే, ఇక్కడ ఇంతమందికి వంటెవులు సేత్తారు?"

సోమవారం బస్సుకి కట్టుకునే చీర మడతపెడుతూ, తల ఎత్తకుండానే చెప్పాను.

"ఇంట్లో పొయ్యి ఎలాగూ వెలుగుతాది గదా. ఇంకో గ్లాసు బియ్యమెక్కువెయ్యి."